నో స్పీడ్ రిస్ట్రిక్షన్ అన్నదీ వాళ్లే, స్పీడెంత అని కోప్పడిందీ వాళ్లే

#1 నైట్‌సెక్టార్, రాత్రి 12:47

డ్యూటీ అయిపోయి అత్తాపూర్‌లో ఇల్లు చేరేసరికి పన్నెండు. పెరుగన్నం తిని పడుకున్నా నిద్ర రావట్లేదు, అందుకే ఈ సోది. ఓపికున్నవాళ్లు చదవండి.

ఏ320లో ఫస్ట్ ఆఫీసర్‌ని. ఇవాళ నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ట్రిప్పులు. మూడోది నేనే నడిపాను. ఏ ఊరన్నది చెప్పను, మన శంషాబాద్ మాత్రం కాదు. అప్పటికే నలభై నిమిషాల లేటు. దిగుతూ 15,000 అడుగుల దగ్గర 300 నాట్స్ (గంటకి 300 నాటికల్ మైళ్లు) మీద ఉన్నాం. ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) కంట్రోలర్ తనంతట తానే "నో ఏటీసీ స్పీడ్ రిస్ట్రిక్షన్" అన్నాడు. పక్కనున్న కెప్టెన్ నవ్వి "ఇచ్చాడుగా, లాగించు" అన్నారు. లాగించాను. 10,000 దాటాక కూడా 300 మీదే ఉంచాను.

8,500 దగ్గర ఫ్రీక్వెన్సీ మారింది. కొత్త గొంతు. "కన్ఫర్మ్ స్పీడ్?" అన్నాడు. "టూ నైన్ ఫైవ్" అన్నాం. రెండు సెకన్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో ఇంట్లో మార్కుల షీటు చూపించినవాళ్లకి తెలుస్తుంది. తర్వాత "బిలో టెన్ థౌజండ్ టూ ఫిఫ్టీ అని తెలీదా?" అని అందరూ వింటుండగా. ఆ వెంటనే "రిడ్యూస్ టూ టూ జీరో, ఎక్స్‌పెడైట్ డిసెంట్ ఫోర్ థౌజండ్".

తగ్గమంటాడు, దిగమంటాడు, రెండూ గబగబా. ఇది జెట్ విమానం అన్నా, లిఫ్ట్ కాదు. ముక్కు కిందికి దించితే స్పీడ్ పెరుగుతుంది, స్పీడ్ తగ్గించాలంటే ముక్కు పైకెత్తాలి. స్పీడ్ బ్రేకులు పూర్తిగా లాగాను. 250కి రాగానే ఇంకా పన్నెండు మైళ్ల దూరంలోనే చక్రాలు దించేశాను. అయినా 1,000 అడుగుల దగ్గర మా స్పీడు 172. ఉండాల్సింది 139. గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం. మళ్లీ తిరిగొచ్చి దిగడానికి పద్నాలుగు నిమిషాలు. నలభై నిమిషాల లేటు కాస్తా గంట దగ్గరికి వెళ్లింది.

నా ప్రశ్న ఒక్కటే. రిస్ట్రిక్షన్ లేదన్నాక, 10,000 అడుగుల కింద 250 నాట్స్ దాటకూడదన్న ఆ రూలు ఉన్నట్టా, లేనట్టా?

#2 తుక్కుగూడ_మిద్దె, రాత్రి 12:58

నేను పైలట్ను గాదు, మిద్దె మీద కూసొని విమానాలు లెక్కవెట్టేటోన్ని. కానీ అన్నా, ఔటర్ మీద 120 అని బోర్డు వెట్టి టోల్ గేటు కాడ "గింత స్పీడెందుకు" అని అడిగినట్టున్నది నీ కథ. గా ఔటర్ మీద గూడ 2023 దాక 100ఏ ఉండె. బోర్డు ఒకడు మారుస్తడు, చలాను ఇంకొకడు రాస్తడు.

#3 స్కోపుముందు, రాత్రి 1:20

కంట్రోలర్‌ని. ఏ యూనిట్ అన్నది వదిలేయండి. మీ ప్రశ్నకి నా జవాబు: 250 ఉన్నట్టే.

"నో ఏటీసీ స్పీడ్ రిస్ట్రిక్షన్"లో "ఏటీసీ" అన్న ముక్క ఊరికే పెట్టలేదండీ. నేను మీకు ఇచ్చిన స్పీడు ఏదైనా ఉంటే దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని అర్థం. నేనిచ్చిన చేబదులు నేను మాఫీ చేయగలను. బ్యాంకు లోను నేనెలా మాఫీ చేస్తాను? చార్టు మీద అచ్చేసిన 250, ఆ గగనతలం తరగతిని బట్టి వచ్చే 250, ఇవి నావి కావు. వాటిని తీసేయాలంటే "క్యాన్సిల్ స్పీడ్ రిస్ట్రిక్షన్స్" అని విడిగా చెప్పాలి, అదీ నాకు ఆ అధికారం ఉన్న చోట.

ఇక తగ్గడం, దిగడం రెండూ ఒకేసారి గట్టిగా అడగడం మాత్రం మా వాడి తప్పే. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) 4444 నియమావళిలో స్పష్టంగా ఉంది, ఆ రెండూ కలిసి రావడం కష్టమని. ఏది ముందో చెప్పాల్సింది.

#4 పెద్దబండి777, రాత్రి 1:41

స్కోపుముందు గారూ, మీరు చెప్పినంత తేలిక కాదు. నేను యూరప్, అమెరికా రెండూ తిరుగుతాను. ఇవే మాటలకు ఊరికో అర్థం.

గగనతలాన్ని ఏ నుంచి జీ దాకా తరగతులుగా విడదీసిన ఐకావో పట్టికే చూడండి. ఏ, బీ తరగతుల్లో అసలు 250 లేదు. సీ తరగతిలో ఉంది కానీ కళ్లతో చూసుకుంటూ ఎగిరే వీఎఫ్ఆర్ వాళ్లకే, మీటర్లు చూసుకుంటూ ఎగిరే మనలాంటి ఐఎఫ్ఆర్ వాళ్లకి కాదు. డీ నుంచి జీ దాకా అందరికీ. అందుకే జర్మనీలో దిగేటప్పుడు "నో స్పీడ్" అన్నారంటే 10,000 కింద కూడా అనే అర్థం, అక్కడ ఎవడూ తర్వాత నిలదీయడు. అమెరికాలో కంట్రోలర్ నోటితో చెప్పినా చెల్లదు. వాళ్ల 91.117 నిబంధనలో 10,000 కింద 250ని మినహాయించే అధికారం కంట్రోలర్‌కి లేదు. వారం క్రితం ఒక దేశంలో ఇదే మాట విని 310 మీద దిగినవాడు ఇవాళ ఇంకో దేశంలో అదే చేస్తే "తెలీదా" అనిపించుకుంటాడు. తెలియక కాదు, రెండు రకాలుగా తెలియడం వల్ల.

ఇంకోటి. నిండా లోడున్న 777-300ఈఆర్ టేకాఫ్ తర్వాత ఫ్లాప్స్ (రెక్కల వెనక రేకులు) మడిచేసుకుని 250 మీద ఉండలేదు. దాని కనీస క్లీన్ స్పీడే (ఫ్లాప్స్ లేకుండా ఎగిరే స్పీడే) అంతకంటే ఎక్కువ. అప్పుడు 250 పట్టుకోమంటే ఫ్లాప్స్ వేసుకునే ఎక్కాలి, ఆయిల్ తగలేసుకుంటూ. అమెరికా వాళ్ల రూల్లోనే దీనికి సందు ఉంది. భద్రంగా ఎగరడానికి ఎక్కువ స్పీడు కావాలంటే అంత వాడుకోవచ్చు. మేం ముందే "హై స్పీడ్ రిక్వైర్డ్" అని చెప్తాం, వాళ్లు సరే అంటారు. గొడవ ఎక్కడా రాదు.

#5 లెక్కల_మాస్టారు, ఉదయం 6:05

తెల్లవారి లేచి ఇది చూశాను. ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి, విమానం టికెట్టు కొనడం తప్ప వేరే అనుభవం లేదు.

8,000 అడుగుల ఎత్తులో 300 నాట్స్ చూపిస్తే గాలిలో అసలు వేగం 340 దాకా. 250 చూపిస్తే 280 చిల్లర. ఆ తేడాతో మీరు లాగించింది ఎంత దూరం? ఓ పదిహేను నాటికల్ మైళ్లనుకుందాం. లెక్క కడితే ముప్ఫై రెండు సెకన్లు వస్తుంది. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోకముందే నోట్లో పెట్టుకునేంత సేపు. దానికోసం పద్నాలుగు నిమిషాలు పోగొట్టుకున్నారు బాబూ.

గద్దో పావురమో తగిలిందనుకోండి, దెబ్బ వేగానికి వర్గంలో పెరుగుతుంది. 250కి బదులు 300 అంటే 44 శాతం ఎక్కువ. పక్షులు ఎక్కువగా తిరిగేది ఆ కింది ఎత్తుల్లోనే. 2009లో హడ్సన్ నదిలో దిగిన విమానానికి బాతులు తగిలింది 3,000 అడుగుల లోపే కదా.

#6 నైట్‌సెక్టార్, ఉదయం 9:30

మాస్టారూ, లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నా. అయితే ఆ అర నిమిషం ఒక్కటే కాదు విషయం. ఒక రోజు "కీప్ హై స్పీడ్" అని తరుముతారు. ఇంకో రోజు వంద మైళ్ల దూరంలోనే "మినిమం క్లీన్ స్పీడ్" అంటారు, 210 మీద పాకుతూ రావాలి. ఎందుకో చెప్పరు. పరిగెత్తమన్నవాడూ కారణం చెప్పడు, పాకమన్నవాడూ చెప్పడు. వెనకాల క్యాబిన్‌లో 180 మంది "ఇంకెంతసేపు" అంటుంటారు.

#7 స్కోపుముందు, ఉదయం 10:02

పాకమన్నదానికి కారణం చెప్తాను. మీకంటే ముందు తొమ్మిది విమానాలున్నాయి. మిమ్మల్ని వంద మైళ్ల నుంచి మెల్లగా రప్పిస్తే మీరు పైనే, తక్కువ ఆయిల్‌తో ఆ ఆలస్యాన్ని మింగేస్తారు. పరిగెత్తించి తెచ్చి కింద హోల్డింగ్‌లో తిప్పితే ఎక్కువ కాలుతుంది. అది అంత సేపు వివరించడానికి ఫ్రీక్వెన్సీలో ఖాళీ ఉండదు, అంతే.

#8 విండోసీట్_రాజా, ఉదయం 10:15

కంట్రోలర్లకి తలపొగరు ఎక్కువ, ఏసీ గదిలో కూచుని

#9 నిర్వాహకుడు, ఉదయం 10:21

విండోసీట్_రాజా, మిగతా వాక్యం తీసేశాను. ఇక్కడ ఆ గదిలో కూచునేవాళ్లు కూడా మాట్లాడుతున్నారు, వాళ్లని మాట్లాడనివ్వండి.

#10 గోదారి_ఏటీఆర్, ఉదయం 11:40

నా బండి వీఎంఓనే (దాటకూడని గరిష్ఠ స్పీడే) 250, కాబట్టి మీ గొడవ నాకు సినిమా చూసినట్టుంది. పాప్‌కార్న్ ఒక్కటే తక్కువ.

నా బాధ వేరు. ఏటీఆర్ 72 అనగానే "నిదానం" అని పేరు పెట్టేశారు. రాజమండ్రి నుంచి గంటలో వస్తాను, వచ్చాక మా వెనక జెట్టుందని పక్కకి తిప్పి ఇరవై ఐదు మైళ్ల బేస్ (రన్‌వే వైపు తిరిగే ముందు అడ్డదారి) మీదికి పంపిస్తారు. నిజానికి మేం ఆఖరి దాకా స్పీడు పట్టుకోగలం అండీ. పవర్ వెనక్కి లాగామంటే ప్రొపెల్లర్లు రెండూ గాలికి అడ్డంగా పళ్లాల్లా నిలబడతాయి, బ్రేకేసినట్టు తగ్గుతుంది. 180 అడగండి, ఆరు మైళ్ల దాకా ఇస్తాను. నైట్‌సెక్టార్ తమ్ముడి నియోకి (కొత్త ఇంజిన్ల ఏ320కి) అది చేతకాదు, అది నూనె రాసిన చేపలా జారుతూనే ఉంటుంది. తెలిసిన కంట్రోలర్లు మమ్మల్ని అలాగే వాడుకుంటారు. తెలియనివాళ్లు రకం పేరు చూసి పక్కన పెడతారు.

ల్యాండింగ్ స్పీడు మాత్రం మాది తక్కువే, 110 అటూ ఇటూ. అక్కడే చిక్కు.

#11 స్కోపుముందు, మధ్యాహ్నం 12:10

కెప్టెన్ గారూ, ఆ చిక్కే నాకు రోజూ తలనొప్పి. లెక్క చూడండి.

ముందు విమానం, వెనక విమానం ఇద్దరూ 160 మీద. మధ్యలో 4 మైళ్లు. అంటే తొంభై సెకన్ల దూరం. నేను ఆపగలిగేది ఆ సెకన్లనే, మైళ్లని కాదు. ముందున్నవాడు 140కి తగ్గి దిగుతాడు, వెనకవాడూ అదే చోట అలాగే తగ్గుతాడనుకుందాం. అదే తొంభై సెకన్లు 140 మీద మూడున్నర మైళ్లే. ముందున్నది 120కి తగ్గిపోయే ఏటీఆర్ అయితే అది 3 మైళ్లు. నాకు కావాల్సిన కనీసం 3 మైళ్లయితే ఇక ఒక్క దమ్మిడీ మిగల్లేదు. వెనకవాడు 160 అని చెప్పి 168 మీద వస్తున్నా, నన్ను అడక్కుండా ముందున్నవాడు ఆరో మైలు దగ్గరే తగ్గిపోయినా, నేను ఒకణ్ణి గో-అరౌండ్ చేయించాల్సిందే. మీరు మీ ఒక్క విమానం ఎనర్జీ చూసుకుంటారు. నేను చూసేది మీ ఇద్దరి మధ్య ఖాళీని. ఆ ఖాళీకి ఇంజినూ లేదు, బ్రేకూ లేదు.

రన్‌వేకి 4 మైళ్ల లోపలికి వచ్చాక స్పీడు చెప్పే హక్కు కూడా నాకు లేదు. అందుకే ఆ గీత దాకా గట్టిగా పట్టుకుంటాం. లండన్ గాట్విక్‌లో ఒకే రన్‌వే మీద గంటకు 55 ఎలా తిప్పుతున్నారనుకున్నారు? "వన్ సిక్స్టీ టు ఫోర్" అంటే అందరూ 160 మీదే ఉంటారు గనక.

#12 నైట్‌సెక్టార్, మధ్యాహ్నం 12:55

ఆ "160 టు 4" గురించే మా కంపెనీల్లో సగం రిపోర్టులు. 4 మైళ్ల దగ్గర విమానం దాదాపు 1,270 అడుగుల మీద ఉంటుంది. మబ్బులో దిగుతుంటే 1,000 అడుగులకల్లా స్పీడుతో సహా అన్నీ కుదురుకోవాలి, లేదా గో-అరౌండ్. అంటే మైలు కూడా లేని దూరంలో, వాలు మీద జారుతూ, 20 నాట్స్ పోగొట్టాలి. నియోలో, వెనక నుంచి గాలి ఏ కాస్త ఉన్నా, జరగని పని. జరగదని తెలిసి ఐదున్నర మైళ్ల దగ్గరే నెమ్మదిగా తగ్గించేవాళ్లున్నారు, చెప్పకుండా.

కుదురుకోకపోతే గో-అరౌండ్ అన్నది మాకు ఎందుకంత పట్టింపో మంగళూరు విమాన ప్రమాదం గుర్తున్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. 2010 మే 22. అక్కడి రాడార్ పని చేయక దిగడానికి అనుమతి ఆలస్యంగా వచ్చింది, విమానం ఎత్తు ఎక్కువ, స్పీడు ఎక్కువ. కో-పైలట్ మూడు సార్లు "గో అరౌండ్" అన్నాడు. 158 మంది పోయారు. నేను అప్పుడు ఇంటర్. మా నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు.

#13 స్కోపుముందు, మధ్యాహ్నం 1:05

ఆ చెప్పకుండా తగ్గించేవాళ్లే నా గో-అరౌండ్లలో సగం. "అనేబుల్" అన్న ఒక్క మాట చెప్పండి, నేను వెనకవాణ్ణి ముందే సర్దుకుంటాను. ఇవ్వలేనిది ఇవ్వలేనని చెప్పాల్సిందని రూల్లోనే ఉంది.

#14 గోదారి_ఏటీఆర్, మధ్యాహ్నం 1:09

చెప్తే "దెన్ టర్న్ లెఫ్ట్ హెడింగ్..." అని వరస చివరికి తోసేస్తారని భయం సార్. అది కూడా రాయండి.

#15 స్కోపుముందు, మధ్యాహ్నం 1:11

రాశారుగా. కాదనను.

#16 సోలో_త్వరలో, మధ్యాహ్నం 2:30

బేగంపేటలో సెస్నా మీద నేర్చుకుంటున్నాను, ఇంకా సోలో కాలేదు. ఒక తెలివితక్కువ డౌటు. మీరందరూ అంటున్న 160 గాలిలో స్పీడా, నేల మీద స్పీడా? స్కోపు (రాడార్ తెర) మీద కంట్రోలర్ సార్‌కి కనిపించేది ఏది?

#17 లెక్కల_మాస్టారు, మధ్యాహ్నం 2:52

తెలివితక్కువ డౌటేమీ కాదమ్మా, గొడవకి సగం మూలం అదే. చెప్పే స్పీడు పైలట్ మీటరులో కనిపించే ఐఏఎస్. మామూలు రాడార్ చూపించేది నేల మీద వేగం. శంషాబాద్ సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తు. మే నెల మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీలనుకో. గాలి పలచబడి విమానానికి అది 5,700 అడుగుల ఎత్తులా అనిపిస్తుంది. మీటరులో 140 చూపిస్తున్నా అసలు వేగం 152. ఎదురుగాలి 20 ఉంటే నేల మీద 132. అదే పైలట్, అదే మీటరు. తెర మీద మాత్రం రోజుకో అంకె.

#18 స్కోపుముందు, మధ్యాహ్నం 3:15

మాస్టారు చెప్పింది కరెక్టు. మోడ్ ఎస్ డేటా (విమానం తనంతట తానే పంపే వివరాలు) తెర మీదికి వచ్చే చోట ఐఏఎస్ కూడా కనిపిస్తుంది, అక్కడ అబద్ధాలు తక్కువ. హీత్రూలో 2015 నుంచి ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు మైళ్లకి బదులు సెకన్లతోనే దూరం పాటిస్తున్నారు. పైన నేను చెప్పిన తొంభై సెకన్ల లెక్కే అది, కాకపోతే అక్కడ కంప్యూటర్ చేస్తుంది.

#19 బేగంపేట_పాతకాపు, సాయంత్రం 5:40

రిటైరయ్యి చాలా ఏళ్లయింది, కళ్లజోడు మార్చుకుని మెల్లగా మొత్తం చదివాను. మా రోజుల్లో బేగంపేటలో హోల్డర్లలో పెట్టిన కాగితం స్ట్రిప్పులే మాకు తెర. విమానం ఎక్కడుందో పైలట్ చెప్తేనే తెలిసేది, మిగతాది మనసులో గీసుకునేవాళ్లం. అందుకే స్పీడు అబద్ధం చెప్పేవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

నైట్‌సెక్టార్ నాయనా, ఒక్కటి అడుగుతాను, దాచుకోకుండా చెప్పు. "నో స్పీడ్" అన్నాక, ఫ్రీక్వెన్సీ మారేలోపు, మీకు డైరెక్ట్ ఏమైనా ఇచ్చారా?

#20 నైట్‌సెక్టార్, సాయంత్రం 6:20

ఇచ్చారు సార్. స్టార్‌లో (దిగడానికి చార్టులో గీసిన దారిలో) రెండు పాయింట్లు వదిలేసి నేరుగా మూడోదానికి. పన్నెండు మైళ్లు కలిసొచ్చింది. దానికీ దీనికీ సంబంధమేంటి? అది మంచిదే కదా.

#21 బేగంపేట_పాతకాపు, సాయంత్రం 7:15

మంచిదే. ఒక పాత సంగతి చెప్తాను.

1960 డిసెంబర్ 16, న్యూయార్క్. కింద మంచు, పైన మబ్బు. షికాగో నుంచి ఒక డీసీ-8 జెట్టు ఐడిల్‌వైల్డ్‌కి వస్తోంది, ఇవాళ దాన్నే జేఎఫ్‌కే అంటున్నారు. ఒక సూపర్ కాన్‌స్టెలేషన్ లాగార్డియాకి వస్తోంది. జెట్టు ప్రెస్టన్ అనే పాయింటు దగ్గర ఆగి చక్కర్లు కొట్టాలి. దాని రెండు వీఓఆర్ (దారి చూపే రేడియో) రిసీవర్లలో ఒకటి పని చేయట్లేదు, ఆ ముక్క కంట్రోలర్‌కి ఎవరూ చెప్పలేదు. కంట్రోలర్ సాయం చేద్దామని దగ్గరి దారి ఇచ్చాడు. పదకొండు మైళ్లు తగ్గింది. జెట్టు వస్తున్న స్పీడు మాత్రం తగ్గలేదు. పాత దారి ప్రకారం ఇంకా టైముందనుకున్న సిబ్బంది ఆ పాయింటుని దాటేసి, ఇంకో విమానం కోసం ఖాళీగా ఉంచిన గాలిలోకి వెళ్లిపోయారు. స్టాటెన్ ఐలండ్ మీద గుద్దుకున్నారు. డీసీ-8 బ్రూక్లిన్ వీధిలో పడింది. విమానాల్లో 128 మంది, నేల మీద ఆరుగురు. పదకొండేళ్ల కుర్రాడొకడు మంచులో పడి బతికి, మర్నాడు పోయాడు.

విచారణ నివేదికలో ఆ రెండిటినీ పక్కపక్కనే రాశారు, జెట్టు స్పీడు ఎక్కువ కావడం, దారి పదకొండు మైళ్లు తగ్గడం. ఒకటి పైలట్‌ది, ఒకటి కంట్రోలర్‌ది. విడివిడిగా చూస్తే ఏదీ నేరం కాదు. ఆ తర్వాతే, 1961లో, విమానాశ్రయాల చుట్టూ 10,000 కింద 250 పెట్టారు. 1967లో అమెరికా అంతటా చేశారు. నువ్వు నిన్న రాత్రి తిట్టుకున్న 250 ఆ బ్రూక్లిన్ వీధిలోంచి వచ్చింది నాయనా.

నీకు స్పీడు విడిచారు, దారీ తగ్గించారు. రెండూ కలిపి ఎవరైనా లెక్క వేశారా? మూడు మైళ్లకు వెయ్యి అడుగులని మీరే అంటారు. పన్నెండు మైళ్లు పోయాయంటే నాలుగు వేల అడుగుల ఎత్తు ఎక్కువైనట్టు.

#22 నైట్‌సెక్టార్, రాత్రి 8:05

ఇందాకటి నుంచి ఫోన్ పట్టుకుని కూచున్నాను.

ఆ డైరెక్ట్ మేమే అడిగాం సార్. కెప్టెన్ అడిగారు, నేను సంతోషించాను. ఎఫ్ఎంఎస్‌లో (దారి లెక్కలు వేసే కంప్యూటర్లో) పాయింటు మార్చగానే దిగే గీత కిందికి పడిపోయింది, మా బొమ్మ దానికి పైన కనిపించింది. "స్పీడ్ బ్రేకు వేస్తే సరిపోతుందిలే" అనుకున్నాను. నిన్న రాత్రి ఈ పోస్టు రాసేటప్పుడు ఆ సంగతి రాయాలని కూడా తట్టలేదు.

#23 పెద్దబండి777, రాత్రి 8:20

రాసినందుకు మెచ్చుకోవాలి తమ్ముడూ. నేనైతే పదేళ్ల కిందట రాసేవాణ్ణి కాదు.

#24 స్కోపుముందు, రాత్రి 8:44

అయితే మా వైపుది కూడా ఒకటి ఉంది. మొదటి కంట్రోలర్ "స్పీడ్ వదిలేశాను, డైరెక్ట్ ఇచ్చాను" అని రెండోవాడికి చెప్పాలి. చెప్పలేదు, లేదా చెప్పేంత టైము లేదు. రెండోవాడి తెర మీద ఒక విమానం హఠాత్తుగా ఎత్తులో, దూసుకొస్తూ. వాడి కోపం మీ మీద కాదు, ఆ ఆశ్చర్యం మీద. ఫ్రీక్వెన్సీలో అందరి ముందు "తెలీదా" అనడం మాత్రం అనవసరం.

మీ వైపు కూడా ఒకటి. కొత్త ఫ్రీక్వెన్సీలో మొదటి పలకరింపులోనే స్పీడు చెప్పేస్తే ఈ ఆశ్చర్యం ఉండదు. మేం ఇచ్చిన స్పీడు ఉంటే అది చెప్పడం తప్పనిసరి. ఇవ్వకపోయినా 300 మీద ఉన్నప్పుడు చెప్తే మీ సొమ్మేం పోదు.

#25 సోలో_త్వరలో, రాత్రి 9:02

మా ఇన్‌స్ట్రక్టర్ ఇవాళ నేను 70కి బదులు 80 మీద ఫైనల్ (రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి వరస) పడితే ఐదు నిమిషాలు తిట్టారు. ఇదంతా చదివాక ఆ తిట్లు తక్కువే అనిపించింది.

#26 తుక్కుగూడ_మిద్దె, మరుసటి రోజు రాత్రి 7:10

నైరుతి గాలి మొదలైంది, అందరు 27 నంబరు రన్‌వే మీద్కెళ్లే దిగుతున్నరు, మా మిద్దె మీదికెళ్లే. ఆరున్నరకు చూసిన, వరసగ మూడు. ముందు ఎయిర్‌బస్సు, నడిమిట్ల ఏటీఆర్, ఎనకాల ఇంకో ఎయిర్‌బస్సు. ఆ ఏటీఆర్ మస్తు స్పీడుగ వచ్చింది, నిజం చెప్తున్న, మా పోరడు గూడ "నాన్నా గిది గింత తేజ్ ఏంది" అన్నడు.

#27 గోదారి_ఏటీఆర్, రాత్రి 10:30

ఆరున్నరకి నడుమ ఉన్నది నేనే అన్నా. "కెన్ యూ మెయింటైన్ వన్ ఎయిటీ టిల్ సిక్స్ మైల్స్?" అని అడిగాడు. అడగడం అంటే అడగడమే, ఆర్డర్ కాదు. ఇస్తానన్నాను. ఇరవై ఐదు మైళ్ల బేస్ లేదు, చక్కర్లూ లేవు. ఇంటికొచ్చి పులుసు వేడి చేసుకునే టైము మిగిలింది.

#28 తుక్కుగూడ_మిద్దె, రాత్రి 10:41

సూపర్ అక్కా. మరి నీ ఎనకొచ్చిన ఎయిర్‌బస్సు మస్తు దూరంలనే చక్రాలు దించిండు. అందరు మా మిద్దె దగ్గరకొచ్చినంక దించుతరు, గీయన మాత్రం ఎక్కడ్నో ఆదిబట్ల అవుతల్నే దించుకొని గుర్రుగుర్రుమనుకుంట వచ్చిండు. ఎందుకట్ల?

#29 నైట్‌సెక్టార్, రాత్రి 11:15

అది అడక్కు అన్నా.